గ్లవ్ బాక్సులోని హక్కు

2020 జనవరి 22న టొరంటోలోని ఒక కోర్టులో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 60 అభియోగాలకు నేరం ఒప్పుకుంది. వాటిలో 58 కెనడా ప్రమాణాలకు తూగని కార్లను దేశంలోకి తెచ్చినందుకు, మిగతా రెండు అధికారులకు తప్పుడు సమాచారం ఇచ్చినందుకు. 2008 నుంచి 2015 వరకు అలా దిగిన కార్లు సుమారు 1,28,000. జరిమానా 19.65 కోట్ల కెనడా డాలర్లు. పర్యావరణ నేరానికి ఆ దేశంలో అప్పటిదాకా అంత పెద్ద జరిమానా పడలేదు.

ఆ సొమ్ములో ఒక్క డాలరు కూడా కారు యజమాని జేబులోకి రాలేదు. మొత్తం ఫెడరల్ ప్రభుత్వ పర్యావరణ నష్టాల నిధికి వెళ్లింది. యజమానులకు రావలసింది అంతకు మూడేళ్ల ముందే వేరే దారిలో మొదలైంది. దరఖాస్తు నింపి, కాగితాలు జతచేసి, గడువులోగా పంపినవాళ్లకు అది చేరింది. తరువాత వాళ్లకు దక్కిన పొడిగింపు వారంటీ కూడా అంతే. అడిగినవాళ్లకు పార్టు ఉచితంగా మారింది. అడగనివాళ్లలో కొందరు అదే పార్టుకు బిల్లు కట్టారు.

ప్రభుత్వం కంపెనీని శిక్షించడం ఒక పని, యజమాని తన హక్కును రాబట్టుకోవడం మరో పని. రెండోది ఎవరూ చేసిపెట్టరు. దానికి కావలసింది పోట్లాట కాదు. నాలుగు ప్రశ్నలు, ఒక ఫైలు, కాస్త మొహమాటం వదులుకోవడం. బ్రాంప్టన్‌లో ఉన్నా, ఎడ్మంటన్‌లో ఉన్నా, డీజిల్ కారో పికప్ ట్రక్కో నడిపే తెలుగు కుటుంబాలకు ఈ అధ్యాయం అందుకు పనికొస్తుంది.

అసలేం జరిగింది

2013లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు పొగను కొలిచే యంత్రాలను కారు వెనక పెట్టుకుని రోడ్డెక్కారు. చెన్నై నుంచి వెళ్లి అక్కడ పనిచేస్తున్న అరవింద్ తిరువెంగడం ఆ బృందంలో ఒకరు. పరీక్ష గదిలో బుద్ధిగా ఉన్న కార్లు రోడ్డు మీద వేరేలా ప్రవర్తించాయి. ఫోక్స్‌వ్యాగన్ జెట్టా వదిలిన నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించిన పరిమితికి 15 నుంచి 35 రెట్లు ఉన్నాయి. 2014లో ఆ నివేదిక బయటికి వచ్చింది. 2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ కంపెనీకి ఉల్లంఘన నోటీసు ఇచ్చింది. కారును పరీక్షిస్తున్నారని సాఫ్ట్‌వేర్ పసిగట్టి, ఆ కాసేపు మాత్రమే పొగను అదుపులో పెడుతోందని తేలింది.

కెనడా ఎమిషన్స్ ప్రమాణాలు అమెరికా ప్రమాణాలతో పాటే నడుస్తాయి. అందుకే అక్కడ అమ్మిన ఆ కార్లే ఇక్కడా అమ్మారు, అదే మోసం ఇక్కడా జరిగింది. యజమానులను ఎక్కువ బాధపెట్టింది ప్రకటనల్లోని 'క్లీన్ డీజిల్' అన్న మాట. పిల్లలు పీల్చే గాలికి మేలు, పైగా ఇంధనం ఆదా అనుకుని చాలామంది ఆ కార్లను కొన్నారు. ఆ ప్రకటనలు తప్పుదారి పట్టించాయని కెనడా కాంపిటిషన్ బ్యూరో తేల్చింది. 2016లో కంపెనీ 1.5 కోట్ల డాలర్ల పెనాల్టీకి ఒప్పుకుంది.

యజమానుల ముందున్న లెక్క

2016 డిసెంబర్‌లో ప్రకటించిన క్లాస్ యాక్షన్ (ఉమ్మడి దావా) ఒప్పందాన్ని 2017 ఏప్రిల్‌లో ఒంటారియో, క్యూబెక్ కోర్టులు ఆమోదించాయి. 2.0 లీటర్ల ఇంజన్ ఉన్న సుమారు 1,05,000 కార్లకు గరిష్ఠంగా 210 కోట్ల డాలర్లు కేటాయించారు. కారును కంపెనీకే తిరిగి అమ్మేయవచ్చు, మరో కారుకు మార్పిడి చేసుకోవచ్చు, లేదా ఆమోదం పొందిన మరమ్మతు చేయించుకుని ఉంచుకోవచ్చు. వీటితో పాటు అర్హులైన యజమానులకు 5,100 నుంచి 8,000 డాలర్ల దాకా పరిహారం. పెద్దదైన 3.0 లీటర్ల ఇంజన్ల కోసం, అంటే ఆడీ క్యూ7, టౌరెగ్, పోర్షే కయెన్ లాంటి సుమారు 20,000 కార్ల కోసం, 2018 జనవరిలో దాదాపు 29 కోట్ల డాలర్ల ఒప్పందం వేరుగా వచ్చింది.

పైకి సులువుగా కనిపించినా ఈ ఎంపిక చాలా ఇళ్లలో నెలల తరబడి చర్చకు దారితీసింది. తిరిగి అమ్మితే వచ్చే ధరను కుంభకోణం బయటపడిన 2015 సెప్టెంబర్ నాటి విలువతో లెక్కగట్టారు కాబట్టి, ఎక్కువ తిరిగిన కారుకు అది లాభమే. లోను తీరిపోయి, ఇంజన్ బాగున్న కారుకు మరమ్మతు నయం అనిపించింది. కాని ఒప్పందం కుదిరేనాటికి అన్ని మోడళ్లకూ మరమ్మతు సిద్ధంగా లేదు. 2015 మోడల్‌కు మొదట సాఫ్ట్‌వేర్, తరువాత విడి భాగాలు అని రెండు దశల్లో చేశారు. 2009 నుంచి వచ్చిన పాత ఇంజన్‌కు మరమ్మతు పద్ధతి 2017 జూలైలో గాని ఆమోదం పొందలేదు. మరమ్మతు తరువాత కారు ఎలా నడుస్తుందో అప్పటికి ఎవరూ చూసి చెప్పలేని స్థితి. ఆ అనుమానానికి జవాబుగా ఒప్పందంలో పెట్టిందే పొడిగింపు వారంటీ.

ఇండియాలో కథ వేరుగా నడిచింది. 2015 డిసెంబర్‌లో సుమారు 3.23 లక్షల కార్లను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మారుస్తామని కంపెనీ ప్రకటించింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తరువాత కంపెనీపై బలవంతపు చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి యజమానికి కెనడాలో లాగా పరిహారం, తిరిగి అమ్మే అవకాశం కలిసిన ఒప్పందం రాలేదు. హైదరాబాద్‌లోని బంధువు అనుభవాన్ని బట్టి టొరంటోలోని యజమాని ఆశలు వదులుకోకూడదు. ఇక్కడి చట్టం ఏమిస్తుందో ఇక్కడే కనుక్కోవాలి.

తేదీలు, కిలోమీటర్లు

2.0 లీటర్ల కారుకు మరమ్మతు చేయించుకున్నవారికి వచ్చిన వారంటీలో రెండు గడియారాలు ఉన్నాయి. కారు మొదటిసారి రోడ్డెక్కిన రోజు నుంచి 10 ఏళ్లు లేదా 1,93,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, మొదటి గడియారం. మరమ్మతు చేసిన రోజు నుంచి 4 ఏళ్లు లేదా 77,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, రెండోది. రెండింటిలో యజమానికి ఎక్కువ రక్షణ ఇచ్చేదే వర్తిస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక జెట్టా 2013 జూన్‌లో రోడ్డెక్కింది. 2018 మార్చిలో 1,50,000 కిలోమీటర్ల దగ్గర మరమ్మతు జరిగింది. ఏటా 30,000 నడుస్తుంది. మొదటి గడియారం ప్రకారం 1,93,000 కిలోమీటర్లు 2019 ఆగస్టుకల్లా దాటిపోతాయి. రెండో గడియారం ప్రకారం 2,27,000 వరకు రక్షణ ఉంది. అది 2020 సెప్టెంబర్ దాకా వస్తుంది. 'పది సంవత్సరాల వారంటీ' అన్న ముక్క ఒక్కటే గుర్తుంచుకున్న యజమాని, ఓడోమీటర్ 2,00,000 చూపించగానే వారంటీ అయిపోయిందనుకుని సొంత డబ్బు పెట్టి పార్టు మార్పించుకుంటారు. దాదాపు పదకొండు నెలల రక్షణ మిగిలి ఉండగానే.

ఇక్కడ మొదటి అలవాటు: కారు మొదటి రోడ్డు తేదీ, మరమ్మతు తేదీ, ఆ రోజు ఓడోమీటర్ అంకె, ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో వారంటీ పుస్తకంతో పాటు ఉంచాలి. ఫోనులో దాని ఫోటో ఉంటే ఇంకా మంచిది.

ఫోక్స్‌వ్యాగన్ కాని డీజిల్ బండి ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. చాలా కంపెనీల వారంటీ పుస్తకాల్లో ఎమిషన్స్ విభాగం విడిగా ఉంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్, ఇంజన్ కంప్యూటర్ లాంటి ప్రధాన భాగాలకు 8 ఏళ్లు లేదా సుమారు 1,30,000 కిలోమీటర్లు అని రాసి ఉండటం మామూలు. పెద్ద డీజిల్ పికప్‌ల ఇంజన్‌కు 5 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అని ఉంటుంది. మామూలు వారంటీ ముగిసిందన్న మాట విని వెనుదిరిగే ముందు ఈ రెండో పేజీ తిరగెయ్యాలి. మెర్సిడెస్ బ్లూటెక్ డీజిల్ యజమానులకు కూడా కెనడాలో క్లాస్ యాక్షన్ ఒప్పందం కుదిరింది. దాని కింద మరమ్మతు చేసిన కారు అయితే ఆ వారంటీ షరతులు వేరుగా చూసుకోవాలి.

ఏ భాగం ఏం చేస్తుంది

భాగాల పని తెలిసిన యజమాని మాటకు సర్వీస్ కౌంటర్ దగ్గర బరువు వస్తుంది. మెకానిక్ కానక్కరలేదు.

డీజిల్ మండినప్పుడు రెండు చెత్తలు వస్తాయి: మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు. మసిని డీపీఎఫ్ అనే ఫిల్టర్ పట్టుకుంటుంది. లాంతరు గాజుకు మసి పట్టినట్టు అది నెమ్మదిగా నిండుతుంది. కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి కారు దానంతట అదే ఫిల్టర్‌ను 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. ఇంజన్ బాగా వేడెక్కి, కొంతసేపు ఆగకుండా నడిస్తేనే ఇది పూర్తవుతుంది. కెనడా చలికాలంలో కష్టం ఇక్కడే. పిల్లల్ని బడిలో దింపడం, కిరాణా కొట్టు, ఇల్లు, అన్నీ ఐదారు కిలోమీటర్ల లోపే. ఇంజన్ వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది, కాల్చడం మధ్యలో ఆగిపోతుంది, ఫిల్టర్ నిండిపోతుంది. వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట నిలకడగా నడపడం డీజిల్ యజమానికి మంచి అలవాటు.

నైట్రోజన్ ఆక్సైడ్లను కొన్ని కార్లు ఒక ప్రత్యేక క్యాటలిస్టులో బంధిస్తాయి. మరికొన్ని యాడ్‌బ్లూ అనే ద్రవాన్ని పొగలోకి చిమ్మి వాటిని నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తాయి. ఆ ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. మైనస్ 11 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. విన్నిపెగ్‌లో జనవరి ఉదయం అంతకంటే చల్లగా ఉండటం రోజూ జరిగేదే. కారు తయారుచేసినవాళ్లకూ అది తెలుసు కాబట్టి ట్యాంకులో హీటర్ పెట్టారు. అందువల్ల 'చలికి గడ్డకట్టింది, మేమేం చేయలేం' అన్న జవాబు యజమాని ఒప్పుకోవలసినది కాదు. హీటర్ పాడైతే అది పార్టు లోపం. వారంటీలో ఉందేమో చూడమనాలి. అదే ట్యాంకులో నాణ్యత లేని ద్రవమో పొరపాటున డీజిలో పోస్తే ఆ ఖర్చు యజమానిదే. యాడ్‌బ్లూ కొన్న రసీదులు దాచుకోవడం అందుకే అవసరం.

వీటన్నిటికీ కాపలా సెన్సార్లు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే సెన్సార్ ఒక్కటి పాడైనా చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది. కొన్ని కార్లు ఇన్ని కిలోమీటర్ల తరువాత స్టార్ట్ కావని లెక్క చూపించడం మొదలుపెడతాయి. ఫోక్స్‌వ్యాగన్ పొడిగింపు వారంటీలో ఫిల్టర్, క్యాటలిస్టులు, ఈ సెన్సార్లు, పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వ్యవస్థ, ఇంధన వ్యవస్థ, టర్బో, ఇంజన్‌లోని ప్రధాన భాగాలు కూడా ఉన్నాయి. ఈ జాబితా ఎంత పెద్దదో తెలియకపోవడం వల్లే చాలామంది పొగ గొట్టం దగ్గరే ఆగిపోయి, టర్బో గురించి అడగనే అడగరు.

కౌంటర్ దగ్గర

కొత్తగా వచ్చిన కుటుంబాల్లో ఒక తీరు తరచు కనిపిస్తుంది. సర్వీస్ అడ్వైజర్ తెర మీద ఏదో చూపించి, ఇంగ్లీషులో వేగంగా చెప్పి, సంతకం పెట్టమంటే పెట్టేస్తారు. ప్రశ్న వేస్తే ఎదుటివాళ్ల సమయం వృథా చేసినట్టనో, తెలియనితనం బయటపడుతుందనో సంకోచం. ఆ సంకోచం ఖరీదు వేల డాలర్లలో ఉండవచ్చు. అడ్వైజర్ జవాబు చెప్పడం ఉద్యోగంలో భాగం, అడగడం యజమాని హక్కు. మర్యాదగా, నెమ్మదిగా, మళ్లీ చెప్పమని అడగవచ్చు.

సంతకానికి ముందు అడగవలసినవి ఇవి:

1. కంప్యూటర్‌లో ఏ కోడ్ వచ్చింది? ఆ కోడ్‌ను వర్క్ ఆర్డర్ మీద రాయమని చెప్పాలి.

2. ఈ విఐఎన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) మీద తెరిచి ఉన్న రీకాల్, ఎమిషన్స్ వారంటీ, పొడిగింపు ఏవైనా ఉన్నాయా? భద్రతకు సంబంధించిన రీకాల్స్ ట్రాన్స్‌పోర్ట్ కెనడా చూస్తుంది, పొగకు సంబంధించినవి ఎన్విరాన్‌మెంట్ కెనడా పరిధిలోకి వస్తాయి. ఒకచోట కనిపించలేదంటే రెండోది లేదని అర్థం కాదు.

3. పాడైన భాగం వారంటీలోదే అని తేలితే లోపాన్ని వెతికిన రుసుము ఎవరు కడతారు? జవాబు కాగితం మీద ఉండాలి.

4. వారంటీ వర్తించదంటే ఏ నిబంధన ప్రకారం వర్తించదు? ఆ పేజీ చూపించమనాలి, లేదా రాసి ఇవ్వమనాలి.

సమస్యను చెప్పే తీరు కూడా ముఖ్యం. కారు సరిగా లేదంటే వర్క్ ఆర్డర్ మీద ఆ నాలుగు ముక్కలే పడతాయి. 'మైనస్ 20లో ఉదయం స్టార్ట్ చేసిన పది నిమిషాలకు లైట్ వెలిగింది, హైవే మీద శక్తి తగ్గింది, ఈ నెలలో ఇది మూడోసారి' అంటే అదే ఒక సాక్ష్యం. లైట్ వెలిగినప్పుడు డ్యాష్‌బోర్డును ఓడోమీటర్‌తో సహా ఫోటో తీయాలి. బాగైపోయిందని కారు చేతికిచ్చినా, డబ్బు కట్టనక్కరలేకపోయినా, ప్రతిసారీ ముగింపు బిల్లు కాగితం తీసుకోవాలి. అదే లోపం మళ్లీ వస్తే, మొదటి ఫిర్యాదు వారంటీలో ఉండగానే జరిగిందని చూపేది ఆ కాగితమే.

ఆయిల్ బయట మార్పించుకుంటే తప్పులేదు. కాని డీపీఎఫ్ ఉన్న ఇంజన్‌కు తక్కువ బూడిద వచ్చే ప్రత్యేక ఆయిల్ కావాలి. ఏ రకం ఆయిల్ వాడారో రసీదు మీద స్పష్టంగా ఉండాలి.

కాదన్నప్పుడు

మొదటి 'కాదు' చెప్పేది డీలర్‌షిప్ ఉద్యోగి. కంపెనీ నిర్ణయం ఇంకా రాలేదు. సర్వీస్ మేనేజర్‌తో మాట్లాడి, అక్కడా కాకపోతే కంపెనీ కెనడా కార్యాలయానికి రాతపూర్వకంగా పంపాలి. ఒక పేజీ చాలు: విఐఎన్, తేదీలు, కిలోమీటర్లు, కోడ్లు, ఏం కావాలి, ఎప్పటిలోగా. వారంటీ ముగిసిన కొద్ది రోజులకే పార్టు పోయినప్పుడు కంపెనీలు గుడ్‌విల్ పేరుతో కొంత ఖర్చు భరించడం ఉంది. 1968లో మాంట్రియల్‌లో ఆటోమొబైల్ ప్రొటెక్షన్ అసోసియేషన్ స్థాపించిన ఫిల్ ఎడ్మన్‌స్టన్ తన 'లెమన్-ఎయిడ్' పుస్తకాల్లో దశాబ్దాల పాటు చెప్పింది ఇదే: ప్రచారం చేయని ఈ సాయం అడిగేవాళ్ల కోసమే ఉంటుంది.

అక్కడా దారి మూసుకుపోతే కామ్‌వాప్ ఉంది. పూర్తి పేరు కెనడియన్ మోటార్ వెహికల్ ఆర్బిట్రేషన్ ప్లాన్, 1994 నుంచి నడుస్తోంది. యజమాని రుసుము కట్టనక్కరలేదు, లాయరూ తప్పనిసరి కాదు. ఆర్బిట్రేటర్ మరమ్మతు చేయమనవచ్చు, పెట్టిన ఖర్చు తిరిగి ఇప్పించవచ్చు, కారును వెనక్కి కొనమనవచ్చు. తీర్పు రెండు పక్షాలకూ చివరిది. అయితే ప్రస్తుత మోడల్ సంవత్సరం, అంతకు ముందు నాలుగు సంవత్సరాల కార్లకే, అదీ 1,60,000 కిలోమీటర్ల లోపే ఇది వర్తిస్తుంది. అన్ని కంపెనీలూ ఇందులో లేవు.

పాత కారు అయితే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు మిగులుతుంది. ఒంటారియోలో 2020 నుంచి 35,000 డాలర్ల దాకా అక్కడ వాదించుకునే వీలుండేది. 2025 అక్టోబర్ నుంచి ఆ పరిమితి 50,000కు పెరిగింది. ఆల్బర్టాలో లక్ష. ఒంటారియోలో సాధారణంగా లోపం తెలిసిన రెండేళ్లలోపే కేసు వేయాలి కాబట్టి, ఉత్తరాలు రాస్తూ ఆ గడువు పోగొట్టుకోకూడదు. క్యూబెక్‌లో ఉన్నవారికి మరింత బలం ఉంది. ధరకు తగినంత కాలం వస్తువు మన్నాలని అక్కడి వినియోగదారుల రక్షణ చట్టంలోని 37, 38 సెక్షన్లు చెబుతాయి. కంపెనీ వారంటీ ముగిసినా ఈ చట్టబద్ధమైన హామీ మిగిలే ఉండవచ్చు. 2023 అక్టోబర్‌లో తీవ్ర లోపాలున్న కార్ల గురించి ప్రత్యేక నిబంధనలు కూడా చేర్చారు.

తీసేయమనే సలహా

డీపీఎఫ్ మాటిమాటికీ నిండిపోతున్నప్పుడు ఎవరో ఒకరు చెవిలో వేసే సలహా ఒకటుంది: ఆ ఫిల్టర్ పీకించి, సాఫ్ట్‌వేర్ మార్పించమని. ఒంటారియోలో ఎమిషన్స్ పరికరాలను తొలగించడం చట్ట విరుద్ధం. మామూలు కార్లకు డ్రైవ్ క్లీన్ అనే పొగ పరీక్షలు 2019 ఏప్రిల్‌లో ఆపేసినా ఆ నిషేధం పోలేదు. తీసేసిన కారుకు వారంటీ అడిగే దారి కూడా మూసుకుపోతుంది.

చట్టం ఒక్కటే కారణం కాదు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 2012లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. డీజిల్ పొగ వల్ల 2015లో కెనడాలో సుమారు 710 అకాల మరణాలు సంభవించాయని హెల్త్ కెనడా 2016 నివేదిక అంచనా కట్టింది. కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన పనినే యజమాని రెంచితో చేస్తే, బడి ముందు ఇంజన్ ఆపకుండా నిలిపిన కారు పక్కన నిలబడ్డ పిల్లలకు తేడా ఏమీ ఉండదు.

పాత డీజిల్ కొనేటప్పుడు

మరమ్మతు జరిగిన టీడీఐ (ఫోక్స్‌వ్యాగన్ డీజిల్) కార్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. పొడిగింపు వారంటీ కారును అంటిపెట్టుకుని ఉంటుంది, యజమాని మారినా పోదు. కాని 2015 ఆగస్టులో రోడ్డెక్కిన కారుకు పదేళ్ల గడియారం 2025 ఆగస్టుతో ఆగిపోయింది. కొనేవారు డీలర్‌షిప్‌లో విఐఎన్ ఇచ్చి మూడు విషయాలు రాబట్టాలి: మొదటి రోడ్డు తేదీ, మరమ్మతు (2015 మోడల్ అయితే రెండు దశలూ) పూర్తయిందా లేదా, ఎమిషన్స్ భాగాలు ఇప్పటిదాకా ఏవేవి మార్చారు. వారంటీ మిగలని కారు అయితే స్వతంత్ర వర్క్‌షాప్‌లో స్కాన్ చేయించి, ఫిల్టర్‌లో ఎంత మసి, ఎంత బూడిద ఉందో, చివరి రీజనరేషన్ ఎన్ని కిలోమీటర్ల కిందట పూర్తయిందో చూడాలి. కోడ్లను అప్పుడే చెరిపేసిన కారులో స్వయంపరీక్షలు పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తుంది. అలా కనిపిస్తే ఆ రోజు బేరం ఆపి, కొంత దూరం నడిచాక మళ్లీ స్కాన్ చేయించమని అమ్మేవారిని అడగాలి. ఒంటారియోలో లైసెన్సున్న డీలర్ దగ్గర కొంటే ఓమ్విక్ అనే నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసే అవకాశం ఉంటుంది. ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటే అది ఉండదు కాబట్టి, ఎమిషన్స్ పరికరాలు ఏవీ తొలగించలేదని అమ్మకపు కాగితం మీదే రాయించుకుని సంతకం తీసుకోవాలి.